కండ్లకు డబ్బా వచ్చింది సరే.. జవాబు చెప్పే సారేడి?

2023 వానకాలం. మా మండలంల ఒక సర్కారు హైస్కూలుకు పది వీఆర్ హెడ్‌సెట్లు వచ్చినయి. ఎవరో దాతలు ఇచ్చిర్రు. టెంటు వేసిర్రు, కొబ్బరికాయ కొట్టిర్రు. పెద్దమనుషులు ఒకరి తర్వాత ఒకరు ఆ డబ్బా కండ్లకు పెట్టుకొని ఫొటోలు దిగిర్రు. ఆ బడిల సదువుకున్న పోరగాండ్లు రమ్మంటే నేను కూడ పోయిన.

పెద్దమనుషులు పోయినంక పిల్లల వంతు వచ్చింది. 8వ తరగతి పిల్లగాడు ఒకడు డబ్బా పెట్టుకున్నడు. సముద్రం పాఠం నడుస్తున్నది. మెడ పైకెత్తుతున్నడు, పక్కకు తిప్పుతున్నడు, చేతులు గాల్లె ఆడిస్తున్నడు. "అమ్మో, గింత పెద్దగున్నదేంది!" అని కేక పెట్టిండు. వాని కండ్ల ముంగట తిమింగలం పోతున్నది. మన తెలంగాణకు సముద్రమే లేదు. వాడు పుట్టినకాడి నుంచి చూసిన పెద్ద నీళ్లంటే ఊరి చెరువే. డబ్బా తీసినంక వాని మొఖం చూడాలె, దీపం పెట్టినట్టు ఉన్నది. తీసుడుతోనే అడిగిండు: "సార్, అది నీళ్లల్లనే ఉంటది గదా, మరి గాలెట్ల పీలుస్తది?"

మిషన్లు నడిపేటందుకు వచ్చిన పిల్లగాడు "నెక్స్ట్" అన్నడు. పక్కన నిలబడ్డది హిందీ సారు. ఆ బడిల బయాలజీ పోస్టు ఖాళీ. సారు నా దిక్కు చూసిండు, నేను సారు దిక్కు చూసిన. నేను పెద్ద సదువులు సదివినోన్ని కాదు. ఉన్న తెలివి అంత లైబ్రరీల పాత పేపర్లు, పుస్తకాలు తిరగేసి సంపాయించుకున్నదే. నాకు కూడ జవాబు సక్కగ రాలె. వెనకాల యాభై మంది లైన్ల ఉన్నరు. ఇంకో పిల్లకు డబ్బా పెట్టిర్రు.

ఈ ముచ్చట ఎందుకు చెప్తున్ననంటే, ఇప్పుడు ఏ ప్రైవేటు బడి ఫ్లెక్సీ చూసినా "వీఆర్ ల్యాబ్" అని రాస్తున్నరు. మన ఊర్ల తమ్ముండ్లు నాకు మెసేజ్‌లు పెడుతున్నరు: "అన్నా, పట్నం పిల్లలకు ఉన్నయి, మన సర్కారు బడికి ఎందుకు లేవు? కొట్లాడుదాం." కొట్లాడుదాం. గని దేని కోసం కొట్లాడాల్నో ముందుగాల తేల్చుకుందాం.

మిషన్ లోపట ఏమున్నది

వీఆర్ అంటే మాయ ఏం లేదు. రెండు కండ్లకు రెండు బొమ్మలు, జరంత తేడాతోటి చూపిస్తది. మన మెదడు ఆ రెంటినీ కలిపి లోతు ఉన్నదని అనుకుంటది. మనం తల తిప్పితే లోపలి సెన్సార్లు పసిగట్టి బొమ్మను కూడ తిప్పుతయి. అందుకే "అక్కడనే ఉన్న" అనిపిస్తది. దీని తొలి నమూనాను అమెరికాల ఐవన్ సదర్లాండ్ అనే శాస్త్రవేత్త 1968లనే చేసిండు. అది ఎంత బరువుండెనంటే మిషన్‌ను పైకప్పుకు ఏలాడదీసిర్రు. 2014ల ఫేస్‌బుక్ ఓక్యులస్ కంపెనీని కొన్నంక ఇది బజారుకెక్కింది. అదే యేడు గూగుల్, అట్ట ముక్కతోటి చేసిన కార్డ్‌బోర్డ్ తెచ్చింది. రెండు కటకాలు, అట్ట డబ్బా, లోపట మన ఫోను. అంతే.

ఇది ఎక్కడ పనికొస్తదో కూడ న్యాయంగ చెప్పుకోవాలె. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీల దీని మీదనే ఏండ్ల నుంచి పరిశోధన చేస్తున్న జెరెమీ బెయిలెన్సన్ ఒక లెక్క చెప్తడు. నిజంగ చేస్తే ప్రాణానికి ప్రమాదమైన పని, అసలే సాధ్యం కాని పని, మస్తు పైసలు అయ్యే పని, చేస్తే చెడు జరిగే పని. గీ నాలుగింటికి వీఆర్ వాడాలె అంటడు. మామూలుగ చేయగలిగిన పనికి అక్కర లేదంటడు. మన తీరుగ చెప్పాల్నంటే, కరెంటు స్తంభం ఎక్కుడు నేర్చుకునేటోనికి, బొగ్గుబాయిల మంటలు లేస్తే ఎట్ల బయటపడాల్నో నేర్చుకునేటోనికి ఇది బంగారం. సముద్రం అడుగు, రక్తనాళం లోపలి తొవ్వ, చందమామ మీది నేల చూపెట్టేటందుకు కూడ మంచిదే. గింజ మొలకెత్తుడు చూపెట్టనీకి మాత్రం హెడ్‌సెట్ ఎందుకు? గ్లాసుల తడిగుడ్డ వేసి నాలుగు పెసర్లు వేస్తే చాలు.

చూసుడు వేరు, నేర్సుడు వేరు

"అన్నా, కండ్ల ముంగట కనిపిస్తే పిల్లలకు బాగ అర్థమైతది గదా?" అని అడుగుతరు. నేను కూడ గట్లనే అనుకున్న. గని పరిశోధనలు వేరే మాట చెప్తున్నయి.

2018ల కాలిఫోర్నియాల జోసెలిన్ పరోంగ్, రిచర్డ్ మేయర్ అనే ఇద్దరు ఒక పరీక్ష పెట్టిర్రు. కొందరు విద్యార్థులకు మనిషి శరీరం లోపటి కణాల పాఠాన్ని వీఆర్‌ల చూపిచ్చిర్రు. ఇంకొందరికి అదే పాఠం కంప్యూటర్‌ల మామూలు స్లైడ్లు పెట్టి చూపిచ్చిర్రు. వీఆర్ చూసినోళ్లు "మస్తున్నది" అన్నరు. పరీక్ష పెడితే మార్కులు స్లైడ్లు చూసినోళ్లకు ఎక్కువ వచ్చినయి. 2019ల డెన్మార్క్ దిక్కు గైడో మక్రాన్‌స్కీ బృందం కూడ గిట్లనే చూసింది. సైన్స్ ల్యాబ్ పాఠాన్ని హెడ్‌సెట్‌ల చేసినోళ్లు "నిజంగ అక్కడనే ఉన్నట్టు ఉన్నది" అన్నరు, గని నేర్సుకున్నది మాత్రం కంప్యూటర్ తెర మీద చేసినోళ్ల కన్న తక్కువ. అంత సంబురం ఒక్కసారే మీద పడితే మెదడుకు ఆలోచించే జాగ ఉండదు.

ఇంక అసలు ముచ్చట ఇను. పరోంగ్, మేయర్ ఇంకో పరీక్ష కూడ పెట్టిర్రు. వీఆర్ పాఠాన్ని ముక్కలు ముక్కలు చేసి, ఒక్కో ముక్క అయినంక "నువ్వు చూసింది నీ మాటల్ల రాయి" అన్నరు. గట్ల ఆపి రాసినోళ్లు, ఆపకుండ చూసినోళ్ల కన్న బాగ నేర్సుకున్నరు. అంటే పాఠం డబ్బా లోపట లేదు. డబ్బా తీసినంక మాట్లాడుడుల, రాసుడుల, అడుగుడుల ఉన్నది. మన పిల్లగాడు తిమింగలం చూసినప్పుడు కాదు, "గాలెట్ల పీలుస్తది" అని అడిగినప్పుడు సదువు షురూ అయింది. "నెక్స్ట్" అన్నప్పుడు ఆగిపోయింది.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలె. ఫోన్ల వెతికి సదివిన. వారం తర్వాత మళ్ల పోయి, వాన్ని బడి గేటు కాడ పట్టుకున్న. "తిమింగలం చేప కాదురా, దానికి మన లెక్కనే ఊపిరితిత్తులు ఉంటయి. తల మీద ముక్కు రంధ్రం ఉంటది. చెరువుల పండిన బర్రె ముక్కు పైకి పెడతది సూడు, గట్ల పైకొచ్చి పీల్చి మళ్ల మునుగుతది" అన్న. వాడు జరసేపు ఊకుండి, "అయితే బర్రె లెక్కనే పిల్లకు పాలిస్తదా?" అన్నడు. ఇస్తది. వాడు ఎవ్వలు చెప్పకుండనే క్షీరదం దాక వచ్చిండు. దానికి రెండు నిమిషాలు పట్టింది, పైస ఖర్చు కాలె. గని ఒక్కటి, వాడు ఆ తిమింగలాన్ని చూసి ఉండకపోతే ఆ ప్రశ్న పుట్టకపోవు. నేను హెడ్‌సెట్‌కు దుష్మన్‌ను ఎందుకు కాదో దీన్ల ఉన్నది.

45 నిమిషాల లెక్క

జర లెక్క వేద్దాం. క్లాసుల 60 మంది, హెడ్‌సెట్లు పది. ఆరు వంతులు. పీరియడ్ 45 నిమిషాలు. వంతుకు ఏడున్నర నిమిషాలు. పెట్టుడు, బెల్టు సరిజేసుడు, అద్దాలున్న పిల్లకు అద్దాలు తీయాల్నా వద్దా అని చూసుడు, బొమ్మ నిలబెట్టుడు, దీనికే సగం పోతది. మిగిలేది నాలుగు నిమిషాలు. మిగతా యాభై మంది అప్పుడు ఏం చేస్తరు? చెప్పేటి మాటలేమో ఇంగ్లీషుల, అదీ అమెరికా యాసల. మా బడిల ఇద్దరు పిల్లలకు కండ్లు తిరిగినయి, ఒకడు కక్కుకున్నడు. కండ్లు "పోతున్నం" అంటయి, చెవుల ఉన్న తూకం యంత్రం "నిలబడ్డం" అంటది. రెండు కొట్లాడుకుంటే కడుపుల తిప్పుతది. ఇది ఎవరి తప్పు కాదు, మిషన్ గుణమే గంత.

ఇంకోటి. ఆ యేడు జులై, ఆగస్టుల తెలంగాణ అంతట కండ్ల కలక లేసింది, యాది ఉన్నదా? ఒక్క డబ్బా అరవై మంది కండ్లకు. పది దినాలల్ల సారు భయపడి హెడ్‌సెట్లు బీరువాల పెట్టి తాళం వేసిండు. ఆయన చేసింది తప్పని నేననను. తుడిచేటందుకు మందు గుడ్డలు ఎవ్వలు ఇయ్యలె, ఎట్ల తుడవాల్నో ఎవ్వలు చెప్పలె.

వయసు ముచ్చట కూడ ఉన్నది. క్వెస్ట్ హెడ్‌సెట్లు చేసే మెటా కంపెనీ మొదట 13 ఏండ్లు నిండినోళ్లకే అన్నది. 2023ల తల్లిదండ్రుల చేతిల ఉండే ఖాతాతోటి 10 ఏండ్లకు దించింది. అంటే ప్రైమరీ బడి పిల్లలకు ఇది కంపెనీ లెక్కల కూడ కాదు.

తాళం వేసిన టీవీ

ఆ బీరువాను చూస్తే నాకు నా బడి యాదికొచ్చింది. నేను 1996ల పది సదువుతున్న. మా హైస్కూలుకు సర్కారు కలర్ టీవీ ఇచ్చింది, పాఠాలు చూపెట్టనీకి. అది హెడ్మాస్టర్ రూముల కట్టె డబ్బాల ఉండె, డబ్బాకు తాళం. ఆ తాళం తీసింది నేను చూసింది ఒక్కపారే, వరల్డ్ కప్ క్రికెట్ వచ్చినప్పుడు. కిటికీల నుంచి తొంగి చూసినం. పాఠం మాత్రం ఒక్కటి చూడలె.

అంటే మిషన్లు మనకు రాలేదని కాదు. వస్తూనే ఉన్నయి. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాక నాసా ఉపగ్రహం పెట్టి మన దేశంల ఆరు రాష్ట్రాల, 2,400 ఊర్లల్ల టీవీ పాఠాలు చూపిచ్చిర్రు. దాన్ని సైట్ ప్రయోగం అన్నరు. అప్పటి ఆంధ్రప్రదేశ్ అందుల ఉండె, తెలుగుల కార్యక్రమాలు వచ్చె. యేడాది కాంగనే ఉపగ్రహాన్ని వాపస్ తీసుకున్నరు. గని ఆ యేడాదిల ఇస్రో ఇంజనీర్లు పని నేర్సుకున్నరు, టీచర్లకు ట్రైనింగ్ ఇచ్చిర్రు, తర్వాత మన సొంత ఇన్‌శాట్‌లు వచ్చినయి. మిషన్ పోయినా పని నేర్సిన మనుషులు మిగిలిర్రు.

ఇప్పుడేమో ఉల్టా అయితున్నది. గూగుల్ 2015ల ఎక్స్‌పెడిషన్స్ అని బడిపిల్లలకు వీఆర్ యాత్రలు పెట్టింది. మంచి పనే. టీచర్ చేతిల ట్యాబ్ పట్టుకొని పిల్లలందరికీ ఒక్కటే చూపెట్టొచ్చు. 2021 జూన్ 30న ఆ యాప్ బందు పెట్టింది. దాన్ని నమ్ముకొని పాఠాలు తయారు చేసుకున్న టీచర్లు ఎక్కడోళ్లు అక్కడ నిలబడ్డరు. మన పక్క రాష్ట్రం చూడుర్రి. 2022 డిసెంబర్ 21న ఆంధ్రల సర్కారు బడి 8వ తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలతోటి ట్యాబులు పంచుడు షురూ చేసిర్రు. 2024 జులైల ఆ కంపెనీ దివాలా కేసుల పడ్డది. పిల్లల సదువు ఒక కంపెనీ బ్యాలెన్స్ షీటుకు కట్టేస్తే గిట్లనే అయితది. మా బడిల కూడ రెండో యేడు లాగిన్ పని చేయలె. దాతలకు ఫోన్ చేస్తే లైసెన్స్ అయిపోయిందన్నరు.

అసలు నేల ఎట్లున్నదో కూడ చూడాలె. కేంద్రం యూడైస్ ప్లస్ 2023-24 లెక్కల ప్రకారం దేశంల నూటికి 57 బడులల్లనే పనిచేసే కంప్యూటర్ ఉన్నది, 54 బడులల్లనే ఇంటర్నెట్ ఉన్నది. అసర్ 2024 నివేదిక ప్రకారం ఊర్ల సర్కారు బడిల 5వ తరగతి పిల్లలల్ల 2వ తరగతి పాఠం సదవగలిగేటోళ్లు 44.8 శాతమే. మన తెలంగాణల 2017 టీఆర్టీ తర్వాత మళ్ల పెద్ద డీఎస్సీ 2024ల వచ్చింది, 11,062 పోస్టులతోటి. నడుమల ఏడేండ్లు. ఆ ఏడేండ్లు ఎన్ని క్లాసులల్ల ఎన్ని ప్రశ్నలు "నెక్స్ట్" అయిపోయినయో లెక్క కట్టేటోడు లేడు.

మేక గుండె పాఠం

కథ ఇక్కడ ఆగిపోలె. ఆ డీఎస్సీల మా బడికి బయాలజీ మేడం వచ్చింది. మన పక్క మండలం రైతు బిడ్డ. బీరువా తెరిపిచ్చింది. పదిట్ల ఆరు చార్జింగ్ ఎక్కినయి. కంపెనీ యాప్ లేకున్నా, గుండె లోపలి వీడియో ఒకటి, మూడు నిమిషాలది, అందుల ఎక్కిచ్చుకున్నది. ఇంగ్లీషు మాట బందు పెట్టి తనే తెలుగుల చెప్పింది. తను పిలిస్తే నేను ఒక దినం పోయి వెనక బెంచీల కూసున్న.

క్లాసును ఆరు గుంపులు చేసింది. ఒక్కో గుంపు హెడ్‌సెట్ల కాడికి వస్తది, చూస్తది, పోయి కాగితం మీద గుండె బొమ్మ గీస్తది. తుడిచినంకనే తర్వాతి గుంపుకు ఇస్తరు. కండ్లు తిరుగుతయన్న పిల్లలకు లాప్‌టాప్‌ల అదే చూపిచ్చింది. మరుసటి దినం మటన్ దుకాణం నుంచి మేక గుండె తెప్పిచ్చింది. చూడబుద్ధి కాని పిల్లలు బయట కూసోవచ్చన్నది, ఇద్దరు పోయిర్రు. గుండెను నడుమ కోసి చూపెట్టింది. నాలుగు గదులు. ఒక ఆడపిల్ల వేలు పెట్టి ఒత్తి చూసి అడిగింది: "మేడం, ఎడమ దిక్కు గోడ మందం ఉన్నది, కుడి దిక్కు పల్చగున్నది, ఎందుకు?" మేడం "నెక్స్ట్" అనలె. "మీరే చెప్పుర్రి, కుడి దిక్కు రక్తం ఎక్కడిదాక పోవాలె, ఎడమ దిక్కుది ఎక్కడిదాక పోవాలె?" అన్నది. జరసేపటికి వెనక నుంచి ఒకడు లేసి, "కుడిది పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు, ఎడమది కాలి వేలు దాక. దూరం నూకాల్నంటే బలం కావాలె, మా బోరు మోటర్ లెక్క" అన్నడు.

అవే హెడ్‌సెట్లు. అదే బడి. మారింది ఒక్కటే, ఖాళీ పోస్టు నిండింది.

డబ్బా వస్తే అడగాల్సినవి

అందుకే తమ్ముండ్లూ, చెల్లెండ్లూ, మీ ఊరి బడికి హెడ్‌సెట్లు వస్తే వద్దనకుర్రి. చప్పట్లు కొట్టి ఊకోకుర్రి కూడ. గీ ఐదు అడుగుర్రి.

ఒకటి, ఆ సబ్జెక్టుకు టీచర్ ఉన్నడా? లేకుంటే ముందుగాల డీఈఓ ఆఫీసుకు దరఖాస్తు పెట్టుర్రి, హెడ్‌సెట్ ఆగుతది.

రెండు, పాఠం ఏ భాషల ఉన్నది? మన పుస్తకంల ఏ పాఠానికి అతుకుతది? జవాబు లేకుంటే అది పాఠం కాదు, జాతర బొమ్మ.

మూడు, మొదటి యేడు తర్వాత పైసలు ఎవరు కడతరు? లైసెన్స్, రిపేరు, తుడిచే మందు, చార్జింగ్ పెట్టే జాగ, అన్ని కాగితం మీద రాపిచ్చుకోవాలె.

నాలుగు, పిల్లల సమాచారం ఎటు పోతున్నది? ఇది చిన్న ముచ్చట కాదు. 2023ల బర్క్‌లీ పరిశోధకులు 55 వేలకు పైగ వీఆర్ ఆట ఆడేటోళ్ల తల, చేతుల కదలిక చూసి, వంద సెకండ్ల సమాచారంతోటి 94 శాతం సరిగ్గ మనిషిని గుర్తుపట్టిర్రు. పేరు ఇయ్యకున్నా కదలికనే వేలిముద్ర అయితదన్నట్టు. 18 ఏండ్ల లోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023ల వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చెప్తున్నది. మీ అమ్మ సంతకం ఎవరన్న అడిగిర్రా?

ఐదు, చూసినంక పిల్లలు మాట్లాడేటందుకు, రాసేటందుకు టైం పెట్టిర్రా? నాలుగు నిమిషాలు చూస్తే కనీసం ఇరవై నిమిషాలు ముచ్చట పెట్టాలె.

ఇవి అడగనీకి జాగ కూడ ఉన్నది. 2024ల బడికో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ పెట్టిర్రు, మహిళా సంఘాల అక్కలు నడిపిస్తరు. ఆ కమిటీల కూసునేది మీ అమ్మనో, మీ వదిననో. ఫోన్ల వీడియోలు చూసి మీకు తెలిసింది ఆమెకు తెల్వకపోవచ్చు. గీ ఐదు ప్రశ్నలు కాగితం మీద రాసి ఆమె చేతిల పెట్టుర్రి. దస్తావేజులు చూపియ్యకుంటే 2005 సమాచార హక్కు చట్టం ఉండనే ఉన్నది.

"ఊరి పిల్లలకు నల్లబల్ల చాలు" అనేటోళ్ల మాట నేను ఒప్పుకోను. పట్నం పిల్లగాడు చూసే సముద్రం మన పిల్లగాడు కూడ చూడాలె. గని సముద్రం చూపెట్టి, ప్రశ్న పుట్టిచ్చి, జవాబు లేకుండ ఇంటికి పంపుడు సదువు కాదు.

ఆ తిమింగలం పిల్లగాడు ఇప్పుడు పది దాటిండు. మొన్న బస్టాండ్ల కనబడితే ఏం సదువుతున్నవురా అన్న. ఇంటర్ బైపీసీ అన్నడు. కాలేజీల ల్యాబ్ ఉన్నదా అంటే, "ఉన్నది అన్నా, తాళం వేసి ఉంటది" అన్నడు. వచ్చే సోమవారం నలుగురం కలిసి ప్రిన్సిపాల్ సారు కాడికి పోతున్నం. ముందుగాల ఆ తాళం చెవి ఎవరి జేబుల ఉన్నదో అడగాలె.